ఆమె పేరిట రోడ్డు

కొత్త బైపాస్‌కు నా భార్య పేరు పెట్టారు. ఊళ్లోని పాత వంతెన మీద, కదలని బండ్ల మధ్య, అంబులెన్సులోనే ఆమె పోయింది. అవతలి ఒడ్డున ఆసుపత్రి కనిపిస్తూనే ఉంది.

"చెల్లెమ్మ పేరు చెబితేనే పైవాళ్లు కదిలారు. ఆవిడ ఊరికే పోలేదు బావగారూ," అంటూ కౌన్సిలర్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "మైకులో రెండు ముక్కలు మాట్లాడండి. జనం మీకోసమే చూస్తున్నారు."

"ఆ రోజు బైపాస్ కావాలంటూ వంతెనకు అడ్డంగా కూర్చున్నది మీరే," అన్నాను. "అంబులెన్సుకు దారివ్వమని మీ కాళ్లు పట్టుకున్నాను."

అతను జనానికి చెయ్యి ఊపుతూ, నవ్వు చెదరకుండా గొంతు తగ్గించాడు.

"దారిచ్చుంటే ఆవిడ బతికేది, కాదనను. రోడ్డు మాత్రం వచ్చేదా, మీరే చెప్పండి?"