వార్డంతా చెవులే

"వచ్చిందా?"

"లేదు డాక్టరుగారూ," అంది కోబుసింగే, తప్పు తనదే అయినట్టు.

డాక్టర్ తుముసీమె ఆమె భర్త కటుంగి పొట్ట మీద స్టెతస్కోపు ఆనించి విని, పెదవి విరిచాడు.

కడుపునొప్పని మొదట వెళ్తే ఒక క్లినిక్కులో మలేరియా మాత్రలిచ్చారు. ఇంకోచోట అల్సర్ అన్నారు. బంధువులేమో చేతబడి అన్నారు. తీరా పొట్ట డోలులా ఉబ్బాక ఇక్కడికి తెస్తే, పెద్దపేగు పగ్గంలా మెలిపడిందని తేల్చింది తుముసీమె. కుళ్లిన ముక్క కోసేసి, మిగతాది కలిపి కుట్టాడు. ఇక పేగు కదిలిందనడానికి ఒకటే గుర్తు. రోగి కింద గాలి వదలాలి. అంతవరకూ నోట్లో చుక్క పొయ్యకూడదు.

"పొట్ట మళ్లీ ఉబ్బుతోందమ్మా. రేపటికి రాకపోతే ఇంకోసారి తెరవాల్సి రావచ్చు."

కోబుసింగే భర్త పొట్ట మీద దుప్పటి సర్దింది.

డాక్టరు అటు వెళ్లగానే పక్క మంచం లారీ డ్రైవరు అందుకున్నాడు. "ఏం పెద్దాయనా! పన్ను లేని సరుకేగా, వదిలెయ్!"

వార్డంతా గొల్లుమంది. కటుంగి దుప్పటి మొహం మీదికి లాక్కుని, భార్యను సైగ చేసి పిలిచాడు.

"గుమ్మందాకా వచ్చి వెనక్కి పోతోందే. మీ అమ్మ అక్కడ కూర్చుంటే ఎలా?"

అదీ సంగతి. వాళ్ల అంకోలె సీమలో అల్లుడన్నవాడు అత్తగారి ఎదుట గట్టిగా దగ్గను కూడా దగ్గడు. ఆవిడ చూస్తే, తెర అవతల బల్ల మీద అంబలి బుర్ర ఒళ్లో పెట్టుకుని కొండలా కూర్చుంది.

కోబుసింగే వెళ్లి బతిమాలింది. "అమ్మా, కాసేపు బయట కూర్చోవే. ఆయనకి మొహమాటం."

"నేనేమన్నా చూస్తున్నానా? తెర ఉందిగా."

"చూడవు, వింటావుగా!"

"ఈ అంబలి నా అల్లుడు తాగేదాకా కదల్ను. పో అవతలికి."

సాయంత్రమైంది. వార్డు సద్దుమణిగింది. అప్పుడు వచ్చింది.

సన్నగా మొదలై, బూరలా పెరిగి, ఇనుప మంచాలు అదిరేంత గట్టిగా ముగిసింది.

"వచ్చేసిందిరోయ్!" అని డ్రైవరు కేకేశాడు. ఆడవాళ్లు సంబరంగా నాలుకలు ఆడిస్తూ కూతలు పెట్టారు. ఎవరో పళ్లెం వాయించారు. నర్సు పరుగెత్తుకొచ్చి, "శభాష్ కటుంగిగారూ!" అంది.

కటుంగి ఏదో చెప్పబోయాడు. ఈలోగా నవ్వొచ్చింది. "కుట్లు! కుట్లు!" అంటూనే పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ కుదుపుకి ఇంకోటి, దాని వెనకే మరోటి, దొడ్డి తలుపు తీసిన దూడల్లా బయటపడ్డాయి. డాక్టరొచ్చి విని, "లోపల పెళ్లి మేళం మోగుతోంది. రెండు గుక్కలు పట్టండి," అన్నాడు.

అంబలి తాగించాక తల్లిని బస్సెక్కించడానికి వెళ్తూ కోబుసింగే నసిగింది.

"ఏమనుకోకమ్మా. పాపం, నీ ముందే అలా అయిందని ఆయన సిగ్గుతో చచ్చిపోతాడు."

ముసలావిడ అటూ ఇటూ చూసి, కూతురి చెవిలో అంది.

"అతను సిగ్గుపడడమెందుకే పిచ్చిమొహమా, ఆ మొదటిది వదిలింది నేను కదూ!"