మెట్లాయన బేరం

టైటిల్ చెప్పకముందే ఛానెలాయన ఆవలించాడు.

మెట్లాయన అది చూడనట్టే లాప్‌టాప్ తిప్పి మొదటి ఫోటో చూపించాడు. పాత భవనం, ఖాళీ మెట్లు. రెండో ఫోటోలో ఇంకో భవనం, ఇంకా ఖాళీ మెట్లు. లిఫ్టులొచ్చాక మనుషులు మెట్లమీద ఎదురుపడటం మానేశారనీ, ఎదురుపడక పలకరించుకోవడమూ మానేశారనీ, దీనిమీద ఆరు భాగాల డాక్యుమెంటరీ తీస్తే ప్రపంచం కళ్ళు తెరుస్తుందనీ ఆయన నమ్మకం. ప్రపంచానికి ఇంకా కునుకు తీరలేదు.

దేశదేశాల ఛానెళ్ళవాళ్ళు ఏటా ఆ హాల్లో టేబుళ్ళు వేసుకుని కూర్చుంటారు. డాక్యుమెంటరీలు తీసేవాళ్ళు వెళ్ళి, పావుగంటలో ఐడియా చెప్పి అమ్ముకోవాలి. అక్కడ ఎవరూ వద్దు అనరు. అద్భుతం, ఆలోచించి చెబుతాం అంటారు. అద్భుతం అన్నారంటే ఇక లేచి రావాలని అర్థం. ఎవరెదురైనా ముందు మెళ్ళో కార్డు చదువుతారు, కొనేవాడైతేనే తలెత్తి మొహం చూస్తారు. మెట్లాయన మొహం మూడు రోజులుగా ఎవరూ చూడలేదు. పొద్దున కాఫీ దగ్గర ఒకాయన చెయ్యి ఊపితే ఈయనా సంబరంగా ఊపాడు. ఆయన ఊపింది వెనకున్న మనిషికి. ఎత్తిన చెయ్యి వృథా పోకుండా ఈయన జుట్టు సవరించుకున్నాడు.

ఇదే ఆఖరి టేబుల్. ఈసారీ అమ్ముడుపోకపోతే సోమవారం నుంచి బావమరిది టైల్స్ షోరూములో కూర్చుంటానని భార్యకి మాటిచ్చి వచ్చాడు. బావమరిది మంచివాడే. అప్పుడే కుర్చీ కొనేసి, మాయకుండా ప్లాస్టిక్ కవరు కూడా తియ్యకుండా ఉంచాడు. ఇప్పుడు ఒంటిమీదున్న కోటూ అతనిదే. చేతులు వేళ్ళదాకా వచ్చాయి.

ఛానెలాయన భాష ఈయనకి రాదు, ఈయన భాష ఆయనకి రాదు. రెండూ వచ్చిన పాపానికి మధ్యలో ఒక పెద్దావిడ కూర్చుని ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేరవేస్తోంది. మూడు రోజులుగా మెట్లాయన పక్కన కూర్చున్న మనిషంటూ ఉంటే ఆవిడే. ప్రతి టేబుల్ దగ్గరా ఆ మెట్లన్నీ ఆవిడ కూడా ఎక్కి దిగింది.

ఛానెలాయన రెండోసారి ఆవలించాడు.

పెద్దావిడ ఆగి, గుక్కెడు నీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టింది. మెట్లాయన రెండు ముక్కలు చెబితే ఆవిడ ఇరవై చెబుతోంది. మన భాష ఇంత క్లుప్తంగా ఉంటుందని మెట్లాయనకి అప్పుడే తెలిసింది. ఛానెలాయన ఫోను బోర్లా పెట్టేసి, ముందుకి వంగి ఏదో అడిగాడు.

"ఆ కోటు ఎవరిదని అడుగుతున్నాడు బాబూ."

"కోటా? దానికీ మెట్లకీ ఏంటమ్మా సంబంధం?"

"చెప్పండి. పెద్ద ఛానెళ్ళు, వాళ్ళకి అన్నీ కావాలి."

బావమరిదిదని ఒప్పుకున్నాడు. తర్వాత, మధ్యాహ్నం ఎవరితో కలిసి తిన్నారని అడిగారు. ఒక్కడినే, నిలబడి, గోడవైపు తిరిగి తిన్నానన్నాడు. చెవి దగ్గర ఫోను పెట్టుకుంటే జనం జాలిపడరని కూడా చెప్పాడు. మరి రాత్రి హోటల్ గదిలో ఎవరితో మాట్లాడతారని అడిగారు. అద్దం ముందు నిలబడి మెట్ల గురించి చెప్పుకుంటానన్నాడు.

"అద్దం ఏమంటుందట?"

మెట్లాయన కాస్త ఆలోచించాడు. "ఏమీ అనదు. కానీ చివరిదాకా వింటుంది."

ఆవిడ అది చెప్పగానే ఛానెలాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. పావుగంట అయిందని గంట మోగినా లేవలేదు. పక్క టేబుల్ దగ్గరున్న తన కొలీగ్‌ని పిలిచి మొత్తం మళ్ళీ చెప్పాడు. ఆ అమ్మాయి కార్డు జోలికి పోకుండా తిన్నగా మెట్లాయన మొహంలోకి చూసింది. చూపు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియలేదు.

"కొంటున్నాడు బాబూ, ఆరు భాగాలూ" అంది పెద్దావిడ.

మెట్లాయన అక్కడికక్కడే ఇంటికి ఫోన్ చేశాడు. అమ్మేశానన్నాడు.

"మరి సోమవారం మా తమ్ముడికి ఏం చెప్పను?" అంది భార్య.

"కుర్చీ వాపస్ ఇచ్చెయ్యమను."

ఫోన్ పెట్టేసి, ముందు ఏ భవనం మెట్లు తీద్దామో కనుక్కోమన్నాడు. పెద్దావిడ టేబుల్ మీద లేని దుమ్ము దులిపింది.

"మెట్లు కాదు బాబూ. ఆయన రెండోసారి ఆవలించేసరికి నాకు ప్రాణం ఒప్పలేదు. మీ గురించి చెప్పేశాను. ఎవరికీ అక్కర్లేని ఐడియా పట్టుకుని, ఏటా వచ్చి, ఈ హాలంతా ఒక్కడే తిరిగే మనిషి ఉన్నాడని. ఆయన కొన్నది అదీ."

మెట్లాయన లాప్‌టాప్‌లో ఖాళీ మెట్లకేసి చూశాడు. ఎలాగైతేనేం, ఆరు భాగాలూ అమ్ముడుపోయాయి. ప్లాస్టిక్ కవరు మీద కూర్చునే బాధ తప్పింది. ఛానెలాయన అప్పుడే లేచి, దూరంగా నిలబడి, ఫోను అడ్డంగా పట్టుకుని ఒక కన్ను మూసి చూస్తున్నాడు.

"ఎన్నాళ్ళు తీస్తారట?"

"రెండేళ్ళట. కెమెరా మీ వెనకే తిరుగుతుంది. షరతులు మాత్రం రెండున్నాయి. అప్పటిదాకా మీ మెట్లు ఇంకెవరూ కొనకూడదట."

ఆ విషయంలో నిశ్చింతగా ఉండమని చెప్పమన్నాడు మెట్లాయన. రెండో షరతేంటని అడిగాడు.

పెద్దావిడ సంచి తీసి భుజానికి తగిలించుకుంది.

"మీ పక్కన ఎవరూ ఉండకూడదట. నన్ను ఇప్పుడే లేచి వెళ్ళిపొమ్మంటున్నాడు."