ఆగి చెప్పిన జవాబు

ముసలాయన మళ్ళీ ఆగాడు.

"వాచీ మీరు తీశారా?" అని అడిగి, ఆమె హెడ్‌ఫోన్లు చెవులకు అదుముకుని కూర్చుంది. వాటి స్పాంజి ఎవరెవరి చెమటకో తడిసి, ఆరి, గట్టిపడింది. మధ్యాహ్నానికల్లా ఆ వాసన ఆమె గొంతులోకి దిగేది.

ఆయన కళ్ళు దించుకున్నాడు. ప్రశ్నను పెదవుల మీదే ఒకసారి తిప్పుకున్నాడు. "వాచీ..." అన్న గొణుగుడు, దాని వెనకే చిన్న గుటక. అప్పుడు చెప్పాడు.

"తియ్యలేదమ్మా."

నిజమే. పక్కగదిలో బల్ల సొరుగులో వాచీ ఉంటుంది. ఈ పరీక్షకు వచ్చినవాళ్ళలో కొందరిని దాన్ని జేబులో వేసుకోమంటారు, కొందరిని ముట్టుకోవద్దంటారు. ఎవరైనా సరే, అడిగితే లేదనే చెప్పాలి. ఈయన్ని ముట్టుకోవద్దన్నది ఆమే.

అబద్ధమాడేవాడు జవాబుకు ముందు ఆగుతాడని ప్రొఫెసర్ గారు పడుచువయసులో కనిపెట్టారు. ఆ మాట పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది, పోలీసుల శిక్షణలోకీ ఎక్కింది. ఇప్పుడెక్కడో ఎవరో అదే పరీక్ష చేస్తే ఆ ఫలితం రాలేదట. రిటైరయ్యాక కూడా గది వదలని ఆ పెద్దమనిషికి ఒళ్ళు మండింది. తన గదిలోనే మళ్ళీ చేయించి చూపిస్తానన్నారు. ఫలితం వస్తే ఆమె ఉద్యోగం పర్మనెంటు. రాకపోతే ఏమిటన్నది ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు.

రావడం లేదు. అబద్ధం చెప్పేవాళ్ళూ ఆగుతున్నారు, నిజం చెప్పేవాళ్ళూ ఆగుతున్నారు.

పని అయిపోయినా ముసలాయన లేవలేదు. చిన్నప్పటినుంచీ తనది ఇదే వరస అన్నాడు. ప్రశ్న పూర్తిగా లోపలికి దిగితే తప్ప జవాబు పైకి రాదట. నన్ను పెళ్ళి చేసుకుంటావా అని వాళ్ళావిడ అడిగినప్పుడూ ఇలాగే ఆగితే, తను ఊఁ అనేసరికి ఆవిడ సగం మెట్లు దిగిపోయిందట.

ఆమె మర్యాదకు నవ్వింది. బయట ఇంకా మనుషులు కూర్చుని ఉన్నారు.

"మా అమ్మాయి ఇక్కడే చదువుకుంది," అన్నాడాయన. "అప్పట్నుంచీ నా మాట నమ్మదు. మందు వేసుకున్నావా నాన్నా అంటుంది. వేసుకున్నానని చెప్పేలోగా తనే లేచి డబ్బా తెరిచి చూస్తుంది."

పిల్లలంతా అంతేలెండి అంది ఆమె.

"పోయినసారి నా మాట తప్పుగా రాసుకున్నారమ్మా. ఈసారైనా నిజమని రాసుకున్నారా?"

పోయినసారి అంటే ఇంకేదో సర్వే అయి ఉంటుందనుకుంది. ఈ వయసులో అన్ని ఆఫీసులూ ఒకటిగానే కనిపిస్తాయి.

"రాసుకున్నాం," అంది. ఒక్క క్షణమైనా ఆగలేదు.

ఆయన ముఖం తేటపడింది. కుర్చీని తెచ్చిన చోటే పెట్టి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ప్రొఫెసర్ గారు వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. ఎవరి గొంతూ వినలేదు. ఎవరు ఎంతసేపు ఆగారో చూపే గీతలు మాత్రమే తెరమీద చూశారు.

"ఇదెవరు? ముసలాయనా? ముసలివాళ్ళు ఎలాగూ నిదానమే. తీసెయ్."

తీసేసింది.

"వీడెవడు, వాచీ జేబులో పెట్టుకుని టక్కున లేదనేశాడు? అబద్ధాన్ని మనసుపెట్టి ఆడలేదన్నమాట. తీసెయ్."

తీసేసింది.

వచ్చినవాళ్ళ పేర్లు అడగకపోవడం అక్కడి నియమం. పక్కన పెట్టినవాళ్ళ గొంతులు చెరిపేయడం కూడా నియమమే. రెండూ వాళ్ళ మర్యాద కాపాడటానికి పెట్టినవి. చెరిపాక ఆ మనిషి వచ్చాడనడానికి గుర్తేమీ మిగలదు.

చీకటి పడేసరికి ఫలితం చక్కగా నిలబడింది.

"చూశావా తల్లీ," అన్నారాయన ఆవలిస్తూ, "నిజం ఎక్కడికి పోతుంది?"

ఆమె హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టింది. వెళ్ళి చేతులు కడుక్కుంది. ముఖం కడుక్కుంది. స్పాంజి వాసన పోలేదు. ఈ రోత ఆయన మీదా, తన మీదా అని తేల్చుకోబోయి, తేల్చుకోకపోతేనే సుఖంగా ఉందని గమనించి, తువ్వాలు తగిలించి వచ్చేసింది.

మరుసటి వారం ఆయన ఆమెకు కొత్త పిల్లల మొదటి క్లాసు అప్పగించారు. దాంతోపాటు ఆ టేపు కూడా. ఏళ్ళ తరబడి మొదటి రోజు వినిపించే టేపు అది. ప్రశ్న, పొడుగాటి నిశ్శబ్దం, తర్వాత ఎవరో పడుచు మనిషి జవాబు. అదిగో అబద్ధం అని మేష్టారు అనగానే పిల్లలు నవ్వుతారు. ఒకప్పుడు ఆమె కూడా వెనక బెంచీలో కూర్చుని నవ్వింది.

"ఇంతకీ వాచీ ఎక్కడ దాచాడు సార్ ఇతను?" అని సరదాకి అడిగింది.

"వాడా? వాడు తియ్యనే లేదు. తీసినవాళ్ళందరూ గడగడా లేదని చెప్పేశారు."

"మరి పిల్లలకి..."

"వినడానికి అబద్ధంలా ఉంది కదమ్మా. పాఠానికి అంతకంటే ఏం కావాలి?"

టేపును ఆయన బల్లమీదే పడేసి పోవాలనిపించింది. కానీ పర్మనెంటు గురించి ఆయన పైవాళ్ళకు ఇంకా చెప్పలేదు. టేపు సంచిలో వేసుకుంది.

క్లాసులో, టేపు మీద ఆ ప్రశ్న ఉన్న చోటు వెతకడానికి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. దొరికాక స్పీకరు కూడా కలిపింది.

"వాచీ మీరు తీశారా?" ప్రొఫెసర్ గారి పడుచు గొంతు.

నిశ్శబ్దం. పిల్లలు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటున్నారు.

స్పీకరులో అది నిశ్శబ్దమే. ఆమె చెవుల్లో మాత్రం, వెనక బెంచీకి ఏనాడూ చేరనంత సన్నగా, ఒక గొణుగుడు. "వాచీ..." దాని వెనకే చిన్న గుటక.

క్లాసంతా గొల్లున నవ్వుతుండగా, పోయిన వారం ఆమె చెరిపేసిన ముసలాయన, ఇంకా పిల్లల తండ్రి కాని గొంతుతో, నిజమే చెప్పాడు.