నీలం చుక్క

"రిగ్గు వచ్చేసింది. లేచి రారా ఎంకటేశూ!"

సావుకారి నారాయణప్ప గుమ్మంలోంచి కేకేసేసరికి వెంకటేశులు చేతిలో టీ పంచె మీద ఒలికింది.

"ఏం రిగ్గన్నా?"

"నీ కంప్యూటరు మొన్న నేను చూస్తాండంగానే నా తూర్పు చేన్లో నీలం చుక్క పెట్టలా? ఆడనే బోరు ఏపిస్తాండా. పామిడి నుంచి బండి తెప్పించినా."

పగలంతా వెంకటేశులు పని నారాయణప్ప మగ్గాలకు చీర డిజైన్ల ప్రకారం అట్టల్లో చిల్లులు కొట్టడం. పొద్దు వాలితే బెంగళూరు నుంచి తెచ్చుకున్న పాత కంప్యూటరును టీవీకి తగిలించి, ఒక్కడే కూర్చుని ఓ ఆట తయారు చేస్తున్నాడు. మీట నొక్కితే తెర మీద ఎక్కడో ఒకచోట నీలం చుక్క పడుతుంది. అది ఆరిపోయేలోగా బోరు బండిని అక్కడికి తోలాలి. అంతే ఆట. చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, పైట కొంగుకి గీసినట్టే గళ్ల కాగితం మీద తెర బొమ్మ గీస్తూ, వేరే ఊరేదీ బుర్రకు తోచక మహానుభావుడు సొంత ఊరినే దించేశాడు. వీధులు, చేన్లు, ఎవరి గట్టు ఎక్కడో అక్కడ, పోగు తేడా లేకుండా.

"అన్నా, అది పిల్లోళ్ల ఆటన్నా. చుక్క యాడ పడేదీ నాకే తెలీదు."

"నీకు తెలీదు. దానికి తెలుసు." నారాయణప్ప నవ్వలేదు. "నీళ్లు చూపిస్తామని చేతిలో టెంకాయ పెట్టుకొని తిరిగినోళ్లంతా నన్ను ముంచిరి. ఈ తూరి గూడా దుమ్మే లేసిందంటే, నీ మిషన్ని ఆ గుంతలోనే తోసి పూడుస్తా. నిన్నేం చేసేదీ తర్వాత చూస్తా."

చేను నిండా నెర్రెలు. జనం పెండ్లికొచ్చినట్టు గట్టు మీద బారుగా కూర్చున్నారు. రిగ్గు భూమిని తొలుస్తుంటే తెల్లదుమ్ము లేచి మనుషులందరూ బూడిద పూసుకున్నట్టయ్యారు.

"ఏమప్పా ఎంకటేశూ, మిషన్ని కడసారి చూసుకొనొస్తివా?" అన్నాడు మగ్గాల దాసప్ప. గట్టంతా నవ్వింది.

ఒక గొట్టం దిగింది. దుమ్ము. దానిమీద ఇంకోటి. దుమ్మే. నవ్వులు ఆగిపోయాయి. నారాయణప్ప తువ్వాలు తీసి నడుముకు బిగించి కట్టాడు.

"పోండిరా. వాని టీవీ, ఆ పెట్టె, రెండూ మోసుకొని రాపోండి."

ఇద్దరు లేచారు. వెంకటేశులు వాళ్లకు అడ్డం పోయాడు. అప్పుడే వెనకాల రిగ్గు మోత మారింది. దుమ్ము తడిసింది. బురద చిమ్మింది. ఆ వెంటనే నీళ్లు ఆకాశానికి లేచి జనం నెత్తిన పడ్డాయి.

దాసప్పే ముందుగా వచ్చి వెంకటేశులును భుజాల మీదికెత్తుకున్నాడు. నిన్నటిదాకా "రేయ్" అన్నవాళ్లందరూ "ఎంకటేశప్పా" అంటున్నారు. అంత ఎత్తునుంచి చూస్తే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి మరి.

"మీరు నమ్మకపోతిరి గానీ," అన్నాడు గొంతు సవరించుకుని, "నా మిషను తప్పు చెప్పేదే లేదన్నా!"

నారాయణప్ప తలూపాడు. "అట్లయితే ఊరి తాగునీళ్ల బోరు యాడెయ్యాల్నో గూడా దాన్నే అడుగుదాం. బండి ఉన్నప్పుడే పనైపోతాది."

ఊరంతా వెంకటేశులు ఇంట్లో దూరింది. అతని భార్య తిప్పమ్మ పొయ్యి దగ్గర గోడకు అతుక్కుని నిలబడింది. నారాయణప్ప తెరకు దండం పెట్టి, తానే మీట నొక్కాడు.

నీలం చుక్క పడింది.

దాసప్ప తెర మీద వేలు పెట్టి నడిపించాడు. "ఇది రచ్చకట్ట... ఇది మగ్గాల వీధి... ఇది మారెక్క ఇల్లు... దీని పక్కనుండేది..."

వేలు ఆగింది. అందరూ తాము నిలబడ్డ నేలకేసి చూశారు.

"అన్నా! కాదన్నా! ఉత్త ఆటన్నా అది! మీ కాళ్లు పట్టుకుంటా!"

నారాయణప్ప చాలా మెత్తగా అతని భుజం తట్టి, పొయ్యి వైపు తిరిగాడు.

"అమ్మా తిప్పమ్మా, ఆ కూడు దించుకొని బయటికి రా తల్లీ. గోడ కొట్టేస్తే గానీ రిగ్గు లారీ లోపలికి పట్టదు."