పన్నెండో పేజీ

"మళ్లీ వచ్చాడే నీ పన్నెండో పేజీ పెద్దాయన!" ఫోనులో రిసెప్షన్ అమ్మాయి నవ్వాపుకుంటోంది.

ఫోనుకి ఇవతల ఉన్న ఆమె ఇయర్‌ఫోన్స్ లాగేసి విసురుగా లేచింది.

ఆమె పనిచేసే కంపెనీ పెద్ద వంటశాలలకు కూరగాయలు తరిగే యంత్రాలు తయారుచేస్తుంది. వాటిని ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాయడం ఆమె ఉద్యోగం. రాయడమంటే ఏముంది? పాత పుస్తకం తెరవడం, మోడల్ నంబరు మార్చడం. పాటలు వినకపోతే ఆ విసుగుకి పిచ్చెక్కేది.

రిసెప్షన్‌లో పెద్దాయన కూర్చోకుండా నిలబడే ఉన్నాడు.

"కొత్త పుస్తకం అచ్చుకి వెళ్తోందటగా. ఆ పేజీ ఒక్కసారి చూడమ్మా. మూత తీసి బ్లేడు తుడవమని ముందుంది. ప్లగ్గు పీకమని తర్వాత ఉంది."

"ప్లగ్గు పీకాలని తెలియనిదెవరికండీ?"

"అలిసిపోయినవాళ్లు పుస్తకంలో ఎలా ఉంటే అలా చేసుకుపోతారమ్మా."

"అసలు మీ ఇంట్లో మా యంత్రం ఉందా?"

"లేదు."

"మరి మీకెందుకండీ ఈ గోల?"

ఆయన నొచ్చుకోలేదు. "పని విసుగ్గా ఉంది కదూ? రాసిన ప్రతి మాటా యంత్రం ముందు నిలబడి చేత్తో చేసి చూడు తల్లీ. విసుగు దగ్గరికి రాదు."

ఫోన్ నంబరు రాసిచ్చి వెళ్లిపోయాడు.

"పాపం, ఇంట్లో ఎవరూ పలకరు కాబోలు," అంది రిసెప్షన్ అమ్మాయి. ఇద్దరూ నవ్వుకున్నారు.

సాయంత్రం పుస్తకం ఉన్నదున్నట్టు అచ్చుకి వెళ్లింది.

మూడు నెలలకు ఒక హాస్టల్ నుంచి ఉత్తరం వచ్చింది. బ్లేడు తుడుస్తుంటే మోచెయ్యి తగిలి స్విచ్ పడిందట. వంటావిడకి రెండు వేళ్లు పోయాయి. 'మీ పుస్తకం ఎదురుగా పెట్టుకునే చేసింది' అని రాశారు.

"వాళ్లదే అజాగ్రత్త అని జవాబు రాసెయ్," అన్నాడు మేనేజరు. "పాత పుస్తకంలో ఉన్నదేగా, నీకేం భయం?"

ఆమె జవాబు రాయలేదు. సొరుగంతా వెతికి ఆ నంబరుకి ఫోన్ చేసింది.

ఆయన కూతురు పలికింది. "నాన్నగారు పోయి నెల దాటిందండీ. మీరెవరు?"

ఆ పుస్తకాలు రాసేది తనేనని ఆమె చెప్పింది.



"ఆ పేజీ సరిచేశారా అండీ? చివరిదాకా అదే అడిగారు. ఒకప్పుడు మీ కుర్చీలో కూర్చుని, విసుగొచ్చి, వేరే యంత్రం పుస్తకం చూసి ఆ పేజీ ఎక్కించేసింది నాన్నగారే."