జేబు వేసిన తాళం

లిఫ్టుల మెకానిక్ తన ప్యాంటును కౌంటరు మీద పరిచి, కుడి జేబును బయటికి లాగి చూపించాడు.

"దీన్ని మార్చాలండీ. ఇది నా ఫోన్‌కి తాళం వేసేస్తోంది."

పాత బట్టలు సరిచేసే ఆ దుకాణంలో ఉండేది ఇద్దరే. కౌంటరు దగ్గర వదిన, మిషన్ దగ్గర ఆడపడుచు. వదినకి దగ్గరి చూపు ఆనదు కాబట్టి బేరాలూ మాటలూ ఆవిడవి. సూది, దారం, కత్తెర పనంతా ఆడపడుచుది. జేబు ఫోన్‌కి తాళం వేయడమేమిటో ఇద్దరికీ అర్థం కాలేదు.

అతను మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. లిఫ్టు గోతిలో వంగి, లేచి, నిచ్చెనెక్కి పనిచేస్తుంటే జేబులో ఫోన్ దానంతటదే వెలుగుతుంది. చెమటకి తడిసిన పలుచటి గుడ్డలోంచి తొడ తగిలి ఏవేవో అంకెలు నొక్కుకుంటాయి. తప్పు అంకెలు పదే పదే పడేసరికి, వీడెవడో దొంగ అనుకుని ఫోన్ బిగుసుకుపోతుంది. ఒకసారి లిఫ్టు పైకప్పు మీద ఇరుక్కుపోయి, ఎవరినైనా పిలుద్దామని ఫోన్ తీస్తే గంట ఆగి రమ్మంది. ఆ గంటా గోడలు బాదుతూ కేకలు పెట్టాడు. ఆ కేకలు విన్న మూడో అంతస్తు ముసలావిడ మర్నాటినుంచి మెట్లే ఎక్కుతోంది.

చేయని ప్రయత్నం లేదు. చొక్కా జేబులో పెడితే, వంగినప్పుడు జారి గోతిలో పడి పాత ఫోన్ ముక్కలైంది. ఇప్పటి ఫోన్‌కి మూత ఉన్న కవరు కొన్నాడు. జేబులోకి వెళ్ళగానే ఆ మూత తెరుచుకుంది. అద్దాన్ని బయటివైపు తిప్పి పెట్టుకుంటే, ఇనుప పట్టాలకి కొట్టుకుని బీటలు వారింది. తడితే వెలిగే ఏర్పాటు తీసేస్తే, పక్కనున్న బటన్ తొడ మడతలో నొక్కుకుని మళ్ళీ వెలిగింది. చివరికి ఫోన్లు బాగుచేసే అతను చెప్పాడట, జేబుకి మందపాటి గుడ్డ వేయించుకుంటే ఫోన్ తొడని వేలు అనుకోదని.

"మా సూపర్‌వైజరుగారు దాన్ని మెడలో గంటలా కట్టుకుని తిరగమంటున్నారండీ" అన్నాడు దిగులుగా.

ఆడపడుచు మిషన్ మీంచి తలెత్తి ఒక్కసారి చూసింది. మళ్ళీ వంచేసుకుంది.

"వదిలి వెళ్ళండి. రేపు రండి" అంది.

మర్నాడు తీసుకెళ్ళాడు. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. ఫోన్ మళ్ళీ బిగుసుకుంది.

గుడ్డల సంగతి అతనికి బొత్తిగా తెలియదు. ఇనుప తాళ్ళు లాగి లాగి కాయలు కాచిన ఆ వేళ్ళకి పట్టూ గోనే ఒకటే. తప్పు జేబుది కాదేమో, తన నడకదేమోనని తనే సర్దిచెప్పేవాడు. ఆమె మాత్రం వదిలి వెళ్ళమనీ, రేపు రమ్మనీ అదే మాట అనేది. జేబు ఒకసారి లోతు పెరిగింది. ఒకసారి పక్కకి జరిగింది. ఇంకోసారి దానికి గుండీ వచ్చింది. ఫోన్ మాత్రం దారికి రాలేదు.

వదినకి అనుమానం మొదలైంది. తను కాపురానికి వచ్చేనాటికి తల్లి లేని ఆ పిల్లని కూతురిలా పెంచింది ఆవిడే. ఊరికే ఊరుకుంటుందా? జేబు పేరు చెప్పి ఇన్నిసార్లు వచ్చే మగవాణ్ణి ఆవిడ ఎన్నడూ చూడలేదు. పైగా వచ్చిన ప్రతిసారీ గడ్డం నున్నగా గీసుకుని వస్తున్నాడు. తప్పు అంకెలు తనే నొక్కుకుని వస్తున్నాడని తేల్చేసింది. ఆ మాటే ఆడపడుచుతో అంటే, ఆమె సూదిలోకి దారం ఎక్కించుకుంది.

తర్వాతిసారి అతను రాగానే వదిన సూటిగా అడిగింది.

"చూడు బాబూ, నువ్వొస్తున్నది జేబు కోసమేనా?"

అతను చెవులదాకా ఎర్రబడ్డాడు. "ఒట్టండీ. జేబు కోసమే."

ఒట్లు ఆవిడ దగ్గర చెల్లవు. అప్పుడే కుట్టిన జేబులో ఫోన్ పెట్టించింది. రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకుని పక్క మేడ మెట్లు ఎక్కి దిగమంది. తను వెనకాలే ఆయాసపడుతూ కాపలా నడిచింది. ఎక్కాడు. దిగాడు. మళ్ళీ ఎక్కాడు. మెట్లమీద వచ్చేపోయేవాళ్ళు, ఎవరో పట్టుబడ్డాడనుకుని పక్కకి తప్పుకున్నారు. చెమటలు కక్కుతూ వచ్చి నిలబడ్డాక, ఫోన్ అడిగి తీసుకుని, చేయి బారుగా చాచి చదివింది. గంట ఆగి రమ్మంటోంది.

వదిన మనసు కరిగిపోయింది. అభం శుభం తెలియనివాణ్ణి అనుమానించానని నొచ్చుకుని, కుర్చీ వేసి టీ ఇచ్చింది. అప్పటినుంచి జేబు సంగతికన్నా ఇంటి సంగతులే ఎక్కువ అడిగేది. తల్లి ఉంది. అక్కకి పెళ్ళయింది. చెడ్డ అలవాట్లు లేవు. చివరికి అతను విసిగిపోయి కొత్త ఫోన్ కొన్నాడు. అదీ బిగుసుకుంది. లోపం ఫోన్లలో లేదనీ, ఇతని ఒంట్లోనే ఏదో కరెంటు ఉందనీ వదిన తీర్మానించింది.

ఒక సాయంత్రం ఆవిడే పెళ్ళిమాట కదిపింది. మనిషి బంగారమనీ, ఫోన్ల జాతకమే బాగాలేదనీ, నువ్వు సరేనంటే మాట్లాడతాననీ ఆడపడుచుతో అంది.

"నీ ఇష్టం వదినా" అంది ఆమె, దారం కొరుకుతూ.

అతన్ని అడిగితే, జేబులో ఫోన్ కూడా సరిగ్గా పెట్టుకోలేని తనని ఆమె ఎలా ఒప్పుకుందని ఆశ్చర్యపోయాడు.

పెళ్ళయిన మర్నాడు అతను స్నానానికి వెళ్ళగానే, ఆమె అతని ప్యాంట్లన్నీ ముందేసుకుని, ఇన్నాళ్ళూ తను ఏరి ఏరి వేసిన పలుచటి జేబుగుడ్డలన్నీ విప్పేసి, మొట్టమొదటిసారి మందపాటివి కుట్టింది.