బ్యాంకు జలగ

గేటు చప్పుడైతే చాలు, ఆవిడకి ఒళ్ళు మండేది.

నెలకోసారి, సాయంత్రం ఆవిడ షాపు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునే వేళకి, భుజాన సంచీతో బ్యాంకు మనిషి గుమ్మం ముందు తేలేవాడు.

ఆవిడ అతనికి జలగ అని పేరు పెట్టుకుంది.

భర్త బస్సు డ్రైవరు. ఇంటి కోసం లోను తీసుకున్న రెండో ఏడే గుండె ఆగి పోయాడు.

అప్పు కూడా ఆయనతోనే పోయిందనుకుంది. పోలేదు. కాగితాల మీద ఆయన పక్కన ఆవిడ సంతకమూ ఉంది. ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ అని ఆయన వేలు పెట్టి చూపించిన చోటల్లా పెట్టింది. జిరాక్సు షాపులో ఊరందరి కాగితాలకీ నకళ్ళు తీసే మనిషి, తన కాగితం ఒక్కటీ చదువుకోలేదు.

జీతం తిండికీ, కూతురి చదువుకీ బొటాబొటి. ఇక వాయిదాలెక్కడ?

జలగ మంచినీళ్ళడిగి తాగి, ప్రతిసారీ ఒకటే అడిగేవాడు, బీమా కంపెనీ నుంచి ఉత్తరం వచ్చిందా అని. లోనుతో పాటే భర్త కట్టిన బీమా అది. ఆ డబ్బొస్తే అప్పు తీరిపోతుంది. రాలేదంటే తలూపి వెళ్ళిపోయేవాడు.

పుండు మీద కారం చల్లడానికే వస్తున్నాడనిపించేది.

పదకొండో నెల, వీధిలో నలుగురూ చూస్తుండగా కడిగేసింది. మొగుడు పోయిన ఆడదాని గుమ్మంలో నెలనెలా నీకేం పనని అడిగింది.

అతను తల దించుకున్నాడు. "బీమా వాళ్ళకి ఇంకో ఉత్తరం రాయండమ్మా" అన్నాడు, అంతే.

కోపం చల్లారక మర్నాడే బ్యాంకుకి వెళ్ళి, ఈ మనిషి వేధిస్తున్నాడని మేనేజరుకి రాసిచ్చింది.

మేనేజరు ఆ కాగితం రెండుసార్లు చదివాడు.

"ఆయన వచ్చిన ప్రతిసారీ మీరు ఇంట్లోనే ఉన్నారామ్మా?"

ఉన్నానంది.

జలగ మళ్ళీ రాలేదు. పీడ విరగడైందనుకుంది.

పై నెల కొత్తాయన వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. నమస్కారం పెట్టి, చేతికో నోటీసిచ్చి, అందినట్టు సంతకం చేయించుకున్నాడు.

ఈసారి చదివింది. అందిన ముప్పై రోజుల్లో బాకీ మొత్తం కట్టకపోతే ఇల్లు వేలం.

నోటీసు తిరిగి అతని చేతికే ఇవ్వబోయింది.

"రెండు నెలలు ఆగండి బాబూ. ఆలోగా తేలుస్తామని బీమా వాళ్ళు నిన్ననే చెప్పారు."

"నా చేతుల్లో ఏం లేదమ్మా. మీ చేతికందాక ఇక రోజుల లెక్కే. అసలిది కిందటేడే అందాల్సింది."

"మరెందుకు అందలేదు?"

అతను సంచీలోంచి ఫైలు తీశాడు.

"మా పాతాయన ఉద్యోగం పోయింది అందుకేనమ్మా" అంటూ ఫైలు తెరిచి ఆవిడ వైపు తిప్పాడు.

పదకొండు చీటీలు, నెలకొకటి, అన్నీ ఒకే చేతి రాత, అన్నిట్లోనూ ఒకే మాట: ఇంటికి తాళం వేసి ఉంది, నోటీసు ఇవ్వలేకపోయాను.